ముందుగదిలో బావి

బుగ్గయ్య నడుముకు తాడు కట్టుకుని, దాని రెండో కొసను కిటికీ ఊచలకు ముడివేసి, గడ్డపార చేతిలోకి తీసుకున్నాడు. ముందుగదిలోని సామానంతా పొద్దున్నే వసారాలోకి చేరింది. బీరువా ఒక్కటే మొరాయించి గోడనంటుకుని ఉండిపోయింది.

"జర పైలంగ, బుగ్గయ్యా," అంది మంజుల గడప ఇవతలి నుంచి.

"పైలంగనే గదక్కా, తాడు కట్టుకున్న," అన్నాడతను. పాలమూరు మనిషి. ఈ నగరంలో సగం పునాదులు తమ ఊరివాళ్లే తవ్వారని అతని నమ్మకం, అది పెద్ద అబద్ధమూ కాదు. "లోపల బాయి ఉంటే తాడుకు యాలాడుత. లేకుంటే గుంత పూడ్చి నా తొవ్వ నేను పోత."

వసారాలో పడక్కుర్చీలో కూర్చున్న అనసూయమ్మ ఆ మాట విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. పదకొండు రోజులుగా ఆ ఇంట్లో ఆ రెండింటికీ తేడా తెలియడం లేదు.

"నలభై ఏండ్ల సంది ఈ ఇంట్ల ఉంటున్న," అంది కొడుకు వైపు చూసి. "నా కండ్ల ముందట నా ఇల్లు పగలగొట్టిస్తున్నవ్ జగదీశ్వర్. ఎందుకు? నీ పెండ్లాం కంప్యూటర్ల ఒక ఎర్రచుక్క చూసిందని."

"పగలగొడితేనే గదమ్మా తేలేది. బావి ఉంటే ఉన్నదని, లేకుంటే లేదని. దినాం ఈ పంచాయితీ నాతోని గాదు."

"తేలినంక?"

జగదీశ్వర్ బుగ్గయ్య చేతిలోని గడ్డపార వైపు చూశాడు. భార్య వైపు చూడలేదు. అలా చూడకుండా ఉండడం కూడా ఒక మాట అనడమేనని మంజులకు ఈమధ్యే అర్థమవుతోంది.

ఆమె చేసిన నేరమల్లా తన ఉద్యోగం తాను చెయ్యడం. అశోక్ నగర్‌లో, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఒక మేడ మీద ఆమె ఆఫీసు. నిజాం కాలంలో గీసి గుడ్డ మీద అతికించిన నక్షాలను అక్కడ పెద్ద బల్ల మీద పరిచి, గీత గీతనూ కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. వానాకాలం మొదట్లో నారాయణగూడ వైపు ఒక సందులో రోడ్డు నోరు తెరిచి పాలబండిని మింగినప్పటి నుంచి ఆ ఆఫీసుకు కొత్త పని వచ్చింది. పూడ్చిన బావులెక్కడ, మూసిన నాలాలెక్కడ, వాటి మీద ఇవాళ ఏ ఇళ్లున్నాయి, నీళ్ల పైపులు ఎక్కడెక్కడ కారుతున్నాయి, అన్నీ ఒకదాని మీద ఒకటి పరిచి చూడాలి. నేల కుంగే భయం ఉన్నచోట ఎర్రచుక్క పెట్టాలి. చిక్కడపల్లి మంజుల వాటాకు వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆ చుక్కల్లో ఒకటి ఆమె సొంత ఇంటి ముందుగది మీద పడింది.

అప్పుడు ఆ గదిలో అంబిక ఉంది.

అంబిక అనసూయమ్మ కూతురు. తొలికాన్పుకు అంబర్‌పేట నుంచి పుట్టింటికి వచ్చింది. నెలలు నిండాయి. ఇంట్లో గాలీ వెలుతురూ వచ్చే గది అదొక్కటే కనుక తల్లి ఆమెకు అదే ఇచ్చింది. సుల్తాన్ బజార్ వెళ్లి ఉయ్యాల తాళ్లు కూడా తెచ్చి పెట్టింది. ఆ గదిని ఖాళీ చేయించి అంబికను వెనకగదిలోకి పంపాలని మంజుల పట్టుబట్టింది. కోడలు చేతిలో కాగితం పట్టుకొచ్చి కూతురిని గది మార్చమంటే ఏ తల్లికి ఏమనిపిస్తుందో అనసూయమ్మకూ అదే అనిపించింది. అయినా కడుపుతో ఉన్న పిల్ల కదా, భయపడి మార్చింది. అప్పుడు భయపడ్డందుకే ఇప్పుడు కోపం.

గడ్డపార పడింది. గచ్చు చిట్లింది. బుగ్గయ్య ఒక అడుగు వెనక్కి వేసి, చెవి ఒగ్గి విని, మళ్లీ ఎత్తాడు.

ఆ చప్పుడుకు అంబిక వెనకగదిలోంచి వచ్చి హాలు గుమ్మంలో నిలబడింది. కళ్ల కింద నల్లటి చారలు. ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి పొట్ట మీద.

"అమ్మా, నేను అంబర్‌పేటకు పోత," అంది.

"కాన్పుకు వచ్చిన పిల్ల నడిమిట్ల పోతదా? మీ అత్తగారోళ్లు ఏమనుకుంటరు?"

"ఏమన్న అనుకోని. ఆ ఎనుకటర్రల నాకు నిద్ర పడ్తలేదు. పట్టపగలు గూడ చప్పుడైతున్నది."

"ఏం చప్పుడు?" మంజుల ఇటు తిరిగింది.

అంబిక తల్లి వైపు ఒకసారి చూసింది. చెబితే నవ్వుతారని భయం.

"బిందె ముంచినట్టు, వదినె. నీళ్లల్ల బిందె ముంచితే బుడబుడమంటది సూడు, గట్ల. కింద నుంచి. అది అయినప్పుడల్ల లోపట బిడ్డ తంతది. తన్ని, ఇగ కదలకుంట ఉంటది. ఇంటున్నట్టు."

ముందుగదిలో గడ్డపార ఆగింది. బయట ముసురు పట్టి, మిట్టమధ్యాహ్నమే ఇంట్లో లైటు వేసుకోవాల్సినంత చీకటిగా ఉంది.

"పక్కింటోళ్ల నల్లా అయి ఉంటది," అన్నాడు జగదీశ్వర్.

"నల్లా పొద్దుగాల గంట సేపే గదన్నా వచ్చేది."

"మరి ఎలుకలు."

"ఎలుకలు బిందె ముంచుతయా?" అంది అంబిక. "ఆ తలుపు గూడ పడ్తలేదు. మొన్నటి దాక గడియ మంచిగనే పడుతుండె. ఇయ్యాల రెండు చేతులతోని గుంజితే గాని రాలే."

"వానకు కట్టె ఉబ్బుతది బిడ్డా," అంది అనసూయమ్మ.

"ఉబ్బితే ఇంట్ల అన్ని తలుపులు ఉబ్బాలె గదత్తమ్మా. ముందటర్ర తలుపు ఎప్పటి లెక్కనే పడ్తున్నది," అంది మంజుల. అన్నాక తన మాట తనకే వింతగా తోచింది.

అనసూయమ్మ కుర్చీలోంచి ముందుకు వంగింది. "ఏంది, ఇప్పుడు ఆ అర్రల గూడ బాయి ఉన్నదంటవా? అర్రకొక బాయి తవ్విచ్చిండా మా మామ? ఇగ నా బిడ్డను ఏడ పండవెట్టుమంటవ్, మిద్దె మీదనా?"

"నేను గట్ల అన్లే..."

"అనక్కర్లేదు. నీ మొఖం చూస్తే తెలుస్తున్నది."

"నా గురించి కొట్లాడకున్రి," అంది అంబిక. వెనక్కి వెళ్లిపోయింది. వెనకగది తలుపు పెద్ద శబ్దంతో పడింది. అంత గట్టిగా లాగితే తప్ప అది పడడం లేదని ఇందాకే చెప్పింది కదా. అనసూయమ్మకు మాత్రం అది కూతురి గుండె పగిలిన చప్పుడులాగే వినపడింది.

కొంతసేపు బుగ్గయ్య ఒక్కడే పని చేశాడు. మట్టి పడుతున్న చప్పుడు. తర్వాత గడ్డపార ఖంగుమంది. మళ్లీ ఖంగుమంది. అతను వంగి, చేత్తో మన్ను తుడిచి, తాడు విప్పేసుకున్నాడు.

"అమ్మా, అందరు జర ఇటు రాన్రి."

మోకాలి లోతు గుంట. అడుగున నల్లటి రాయి తడిగా మెరుస్తోంది.

"గిది పుట్టు బండ. దేవుడు వెట్టింది వెట్టినట్టే ఉన్నది. ఈ మన్ను గూడ ఎవ్వలు కదిలియ్యని మన్ను. బాయి పూడ్చిన జాగైతే పెంకులు, బూడిద, పలిగిన కుండలు, ఏదో ఒకటి ఎల్లాలె. ఈడ బాయి లేదక్కా. ఎన్నడు లేకుండె."

మంజుల కాళ్ల కింద నేల గట్టిగానే ఉంది. కానీ ఆమెకు మాత్రం కుంగిపోయినట్టే అనిపించింది.

అనసూయమ్మ తాపీగా లేచి వచ్చి గుంటలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"ఇన్నవా?"

"ఇన్న, అత్తమ్మా."

"పదకొండు దినాలు. ఎండ తగలని, గాలి ఆడని అర్రల పడేసినవ్ నా బిడ్డను. ఏమన్నవ్? 'అత్తమ్మా, ఒక్క దినం గూడ ఉంచొద్దు' అన్నవ్. నేను నమ్మిన. చదువుకున్నదానివి గద అని నమ్మిన. కడుపుతోని ఉన్న పిల్లను ఏడిపిస్తే నీకేమొచ్చింది మంజుల?"

"నేను కావాల్నని చెయ్యలే."

"కావాల్నని చేసినా ఇంతకంటే ఏం చేస్తుంటివి?"

"రేపు ఆఫీసుకు పోయి చెప్పేయ్, ఇగ రానని," అన్నాడు జగదీశ్వర్. అరవలేదు. అరిచినా బాగుండేది. "సొంత ఇంటి సంగతే తప్పు చూసినవ్. ఇంక ఎంతమంది ఇండ్లు తవ్విస్తవ్ ఆ చుక్కలతోని?"

మంజులకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు సగంలో ఉండగానే దాని అడుగు నుంచి భయం పుట్టింది. ఎనభై ఏళ్ల కిందట ఎవరో మనిషి గొలుసు పట్టుకుని ఈ నేలంతా నడిచి, కొలిచి, నీలం సిరాతో ఒక గుండ్రటి బావి గీశాడు. ఆ గుండ్రాన్ని ఆమె కళ్లారా చూసింది. బండ అబద్ధం చెప్పదు. అతనికీ అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. బావి ఉంది. ఇక్కడ లేదంటే ఇంకెక్కడో ఉంది.

కాళ్లు కడుక్కోవడానికి బుగ్గయ్య పెరట్లోకి వెళ్లాడు. వెనకగది గోడవార ఉన్న గచ్చు మీద గడ్డపార ఆనించాడు. ఆనించి ఆగిపోయాడు. ఎత్తి, మళ్లీ ఒక్కసారి మెల్లగా తాకించాడు.

ముందుగదిలో గడ్డపార చప్పుడు తగిలినచోటే తెగిపోయింది. ఇక్కడి చప్పుడు కిందికి పోయింది. కాస్త ఆగింది. తిరిగి వచ్చింది.

అతను గడ్డపారను నిద్రపోయే పసిపిల్లను పడుకోబెట్టినంత మెత్తగా పక్కన పెట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"అక్కా," అని మంజులను పెరటి గుమ్మంలోకి పిలిచి, గొంతు తగ్గించాడు. "ఈ అర్ర కింద ఏమున్నది?"

మంజుల విన్నది. విన్న ఆ క్షణంలోనే ఆమె మెదడు ఆఫీసు బల్ల దగ్గరికి పోయింది. పాత నక్షా తనంతట తానుగా దేనికీ పనికిరాదు. దాన్ని ఇవాళ్టి నగరం మీద సరిగ్గా ఆనించాలి. అందుకు అప్పుడూ ఉండి ఇప్పుడూ ఉన్నదేదో ఒకటి కావాలి. ఈ సందుల్లో పాత ఇళ్లన్నీ పోయాయి. మిగిలింది మలుపులో ఉన్న ఆంజనేయస్వామి గుడి ఒక్కటే. నక్షాలోని గుడిని ఇవాళ్టి గుడి మీద పెట్టింది. మిగతా పటమంతా దాన్ని పట్టుకుని వచ్చి కూర్చుంది.

పెట్టేముందు అడిగింది కూడా. పూజారిని అడిగింది, కిరాణా కొట్టాయనను అడిగింది, ఎదురింటి రాజ్యలక్ష్మమ్మను అడిగింది. స్వయంభువు స్వామి, వెలిసిన చోటి నుంచి వెంట్రుకవాసి కదలలేదు అన్నారు. అందరూ అవే మాటలు, అదే వరుసలో. అప్పుడు దాన్ని రుజువు అనుకుంది. నిజాన్ని నలుగురు మనుషులు అంత ఒక్కలాగా చెప్పరని ఇప్పుడు తట్టింది.

"అత్తమ్మా, మలుపుల ఉన్న గుడిని ఎన్నడన్న జరిపిన్రా?"

"స్వయంభువు స్వామి," అంది అనసూయమ్మ. "వెలిసిన కాడి నుంచి వెంట్రుకవాసి..." అంది, ఆగింది.

"నేను గుడి మీద పంచాయితీ పెడ్తలేనత్తమ్మా. అంబిక ఆ అర్రల ఉన్నది."

అనసూయమ్మ రెండు చేతులూ ఒకదానిలో ఒకటి నలుపుకుంది. జగదీశ్వర్ తల్లిని అలా ఎన్నడూ చూడలేదు.

"అమ్మా? ఏందమ్మా?"

"చెప్పొద్దురా."

"ఎవరు చెప్పొద్దన్నరు?"

"ఒట్టు పెట్టుకున్నం." ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా అయింది. "రోడ్డు వెడల్పు చేసిన యేడు గుడి అడ్డమచ్చింది. తీసేస్తమన్నరు. మా మామ, ఇంక పదిమంది కలిసి, తెల్లారకముందే స్వామిని చేతుల మీద మోసుకొచ్చి కొత్త జాగల నిలవెట్టిన్రు. పాత రాళ్లే, పాత గడపే, అన్ని అట్లనే పేర్చిన్రు. స్వామి కదిలిండని తెలిస్తే ఎవలు మొక్కుతరని... ఎవలు నోరు జారినా ఆ ఇంటిని భూమి మింగుతదని ఒట్టు వేయించిండు. నేను కొత్త కోడలిని. నాతోని గూడ స్వామి మీద చెయ్యి వెట్టించిండు."

ఇంటిని కాపాడుకోవడానికే ఆమె నలభై ఏళ్లు నోరు కట్టుకుంది. ఆ సంగతి ఆ ముఖంలో చూసిన మంజులకు కోపం తెచ్చుకునే వీలు కూడా లేకపోయింది.

"ఎటు జరిపిన్రు?"

"ఉత్తరానికి."

"ఎంత?"

"నలభై అడుగులు. మా మామ అడుగులు వేసి చూపించేటోడు, ఇంట్లోళ్లం మేమే ఉన్నప్పుడు."

మంజుల నక్షా కాగితం హాల్లో గచ్చు మీద పరిచింది. గుడి ఉత్తరానికి జరిగింది, తన పటంలో బావి కూడా దాని వెంటే ఉత్తరానికి జరిగింది. గుడిని పాత చోట పెడితే బావి కూడా తన పాత చోటికి పోతుంది. ఎర్రచుక్క మీద వేలు పెట్టి కిందికి, దక్షిణానికి జరిపింది. వేలు ముందుగది దాటింది. హాలు దాటింది. వంటిల్లు దాటింది. ఇంక ఇంట్లో మిగిలింది ఒక్క గదే.

అక్కడికి తనే పంపింది. చెయ్యి పట్టుకుని, మంచం తనే వేయించి, కిటికీకి పరదా తనే కట్టి పంపింది.

"అంబికా," అని పిలిచింది. మళ్లీ పిలిచింది.

జగదీశ్వర్ అప్పటికే తలుపు దగ్గరికి చేరాడు. తోశాడు. రాలేదు. తలుపు పైచెక్క ఒక మూల కిందికి దిగి రెక్కను నొక్కిపట్టి ఉంది. దాని మీద గోడలో కొత్త పగులు, లోపల ఇటుక ఎర్రగా కనిపిస్తోంది. భుజంతో కొట్టబోయిన అతన్ని బుగ్గయ్య నడుం పట్టి వెనక్కి లాగాడు.

"కొట్టకు సారూ. ఒక్క దెబ్బకే నేల పోతది."

"అన్నా?" లోపలి నుంచి అంబిక గొంతు వచ్చింది. భయం లేదు అందులో. నిద్రలోంచి మాట్లాడుతున్నట్టుంది. "ఎందుకు గట్ల లొల్లి చేస్తున్నరు? జర ఆగున్రి. నీళ్లు దగ్గరికొచ్చినయ్. మంచిగ ఇనవస్తున్నది."

అనసూయమ్మ గోడ పట్టుకుంది.

"అంబికా, నువ్వు ఏడున్నవ్?" అంది మంజుల.

"మంచం మీదనే వదినె. మంచం ఒక దిక్కుకు ఒరిగింది."

"ఏ దిక్కుకు?"

"ఏమో, చీకటిగ ఉన్నది. కరెంటు పోయినట్టుంది."

హాల్లో లైటు వెలుగుతూనే ఉంది.

బుగ్గయ్య గోడ వెంట చుట్టూ తిరిగి వచ్చాడు. "ఎనుక కిటికీ ఉన్నది. దాని ఊచలు చప్పుడు గాకుంట నేను ఇగ్గుత. లోపలున్న అక్క కిటికీ కాడికి వస్తే చాలు, అందుకుంటం. గని బాయి అర్ర మొత్తం ఉండదు. ఒక పక్కకు ఉంటది, ఇంకో పక్క గట్టి నేల ఉంటది. తూర్పు గోడ పొంటి రావాల్నా, పడమటి గోడ పొంటి రావాల్నా, అది చెప్పాలె. నడిమిట్ల మాత్రం కాలు వెట్టొద్దు."

జగదీశ్వర్ మంజులను చూశాడు. పదకొండు రోజుల్లో సూటిగా చూడడం ఇదే మొదలు.

ఆమె కాగితం చూసింది. చుక్క పడమటి పక్కకు ఉన్నట్టే ఉంది, ఒక గోరంత. ఆ నలభై అడుగులు ఒక ముసలాయన కాలి లెక్క. ఆయన నేరుగా ఉత్తరానికే నడిచాడో, కాస్త వాలుగా నడిచాడో చెప్పేవాళ్లు లేరు. ఇంతకుముందు ఈ కాగితాన్ని నమ్మే అంబికను ఆ గదిలో పెట్టింది.

"నాకు తెల్వదు," అంది జగదీశ్వర్‌తో, చాలా మెల్లగా. "నాకు నమ్మకం లేదు."

అనసూయమ్మ వచ్చి కోడలి మోచెయ్యి పట్టుకుంది.

"చెప్పు మంజుల. నేను అబద్ధం చెప్పినా గూడ నువ్వు నిజం కాడికి వచ్చినవ్. నువ్వు ఏ దిక్కంటే ఆ దిక్కే నా బిడ్డ వస్తది."

"వదినె," లోపల అంబిక గొంతు ఇప్పుడు పూర్తిగా మేలుకుంది. "వదినె, నాకు భయమైతున్నది. ఏ దిక్కు రావాలె?"

మంజుల కళ్లు మూసుకుని తెరిచింది.

"తూర్పు గోడ," అంది. "వీపు గోడకు ఆనించి, మెల్లగ, ఒక్కొక్క అడుగే వెయ్యి. నేను ఈడనే ఉన్న."

బుగ్గయ్య కిటికీ వైపు వెళ్లాడు. లోపల మంచం కిర్రుమంది. తర్వాత ఒక అడుగు వినపడింది. కింద, చాలా లోతున, చిన్న రాయి ఒకటి నీళ్లలో పడింది. తలుపుకు చెవులు ఆనించి ముగ్గురూ రెండో అడుగు కోసం వింటూ నిలబడ్డారు.